ఏ రోజున, ఏ పక్క: యుద్ధనౌకల నమూనాలకు రంగుల ఆధారాలు వెతికే తీరు

సంక్షిప్తంగా: ప్రపంచ యుద్ధాల నాటి నౌకల చిన్న నమూనాలకు రంగు వేసేవారికి ఒకే ఓడ గురించి ఒకదానికొకటి పొసగని ఆధారాలు దొరుకుతుంటాయి. వాటిలో చాలావరకు నిజమైనవే. కాకపోతే అవి వేర్వేరు తేదీలకు, ఓడ వేర్వేరు పక్కలకు, వేర్వేరు ఫిల్ములకు చెందినవి. ముందు తేదీ తేల్చుకుని ఆ తర్వాత రంగు వెతికితే చిక్కు చాలావరకు విడిపోతుంది.

బరంపురంలో ఒక విద్యార్థి 1/700 స్కేలు నౌక కిట్టు తెప్పించుకున్నాడనుకుందాం. అసలు ఓడలోని 7 మీటర్లు ఆ నమూనాలో ఒక సెంటీమీటరు. విడిభాగాలు అతికించడం వారం పది రోజుల్లో అయిపోతుంది. రంగు దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది. పెట్టె మీది బొమ్మలో ఓడ నీలంగా ఉంటుంది. లోపలి కాగితంలో బూడిద రంగు వేయమని ఉంటుంది. ఫోనులో వెతికితే ఒక ఫొటోలో ఏటవాలు చారలు కనిపిస్తాయి, మరో ఫొటోలో కనిపించవు. వీటిలో ఏది సరైనదని అడిగితే, అనుభవం ఉన్నవారు ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు: ఏ సంవత్సరం, ఏ నెలలోని ఓడ?

యుద్ధకాలంలో నౌకలకు పలుమార్లు రంగు మారేది. మరమ్మతుకు రేవు చేరినప్పుడు, ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి బదిలీ అయినప్పుడు, శత్రువు జలాంతర్గామి నుంచి విమానానికి మారినప్పుడు పాత రంగు మీద కొత్తది పడేది. అందుకే తేదీ లేకుండా "ఆ ఓడ రంగు ఏమిటి" అని అడిగితే జవాబు దొరకదు.

ఇటీవల ఈ తికమకకు ఇంకొకటి తోడైంది. పాత నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటర్ రంగులద్దిన చిత్రాలు ఫోన్లలో విపరీతంగా తిరుగుతున్నాయి. చూడడానికి అవి ఎంతో సహజంగా ఉంటాయి. అయితే నలుపు తెలుపు ఫొటోలో మిగిలేది వెలుగు నీడల తేడా ఒక్కటే. మధ్యరకం నీలం, ఆకుపచ్చ, బూడిద, గులాబీ అన్నీ అందులో ఒకే ఛాయగా పడవచ్చు. కంప్యూటర్ తాను నేర్చుకున్న లక్షల ఫొటోల్లో ఎక్కువగా కనిపించిన రంగును అక్కడ పూస్తుంది. నేటి యుద్ధనౌకలు బూడిద రంగువి కాబట్టి 1943 నాటి ముదురు నీలం ఓడ కూడా బూడిదగా మారిపోతుంది. అలాంటి చిత్రాన్ని ఆధారంగా తీసుకోవడం కంటే దాని మూలమైన నలుపు తెలుపు ఫొటోను వెతికి పట్టుకోవడం ఎన్నో రెట్లు మేలు.

గంజాం తీరం, 1942 ఏప్రిల్

ఈ వెతుకులాట గంజాం తీరానికి పరాయిది కాదు. 1942 ఏప్రిల్ మొదటి వారంలో అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడి, కొద్ది రోజుల్లోనే 20కి పైగా వాణిజ్య నౌకలను ముంచింది. ఏప్రిల్ 6న ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే రోజున ఒడిశా తీరానికి ఎదురుగా కుమానో, సుజుయా అనే క్రూయిజర్లు ఆటోలికస్, మాల్డా తదితర ఓడలను ఫిరంగులతో ముంచేశాయి.

ఆ ఓడల్లో మాల్డా సంగతి ప్రత్యేకంగా చూడదగ్గది. అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ. గోపాల్‌పూర్, కళింగపట్నం, విశాఖ రేవుల నుంచి తెలుగువారిని రంగం (బర్మాలోని రంగూన్) తీసుకెళ్లినవి ఆ కంపెనీ స్టీమర్లే. "రంగం వెళ్లిన తాత" అనే మాట వినిపించే ఇళ్లు ఈ జిల్లాల్లో నేటికీ ఉన్నాయి. ఆ కంపెనీ ఓడ అనగానే కళ్లకు కట్టే గుర్తు నల్లటి పొగగొట్టం మీద రెండు తెల్లటి పట్టీలు. పాత పోస్టుకార్డుల్లో, కంపెనీ ప్రకటనల్లో కనిపించేది అదే. కానీ అది శాంతికాలపు ముస్తాబు. యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ వాణిజ్య నౌకల మీది కంపెనీ గుర్తులు బూడిద రంగు కిందికి పోయాయి. 1942 ఏప్రిల్ నాటి మాల్డాను చేయాలనుకున్నవారు పోస్టుకార్డును చూసి రెండు తెల్ల పట్టీలు గీస్తే, ఓడ సరైనదే అవుతుంది, కాలం తప్పుతుంది. ఆటోలికస్ విషయమూ ఇంతే. నీలం పొగగొట్టంతో పేరుపడ్డ కంపెనీ ఓడ అది. ఆ నీలం కూడా శాంతికాలానిదే.

దాచడం వేరు, తికమక పెట్టడం వేరు

ఓడల మీది వింత ఆకారాలను చూసి, అవి ఓడను సముద్రంలో కలిపేయడానికే వేశారని చాలామంది అనుకుంటారు. ఆధారాలను తప్పుగా చదవడానికి ఈ అపోహ కూడా ఒక కారణం.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ ఓడలను వరసగా ముంచుతున్న 1917లో, సముద్ర చిత్రాలు గీసే నార్మన్ విల్కిన్సన్ ఒక ఉపాయం చెప్పారు. పొగ కక్కుతూ వెళ్లే ఓడను దాచలేం, కనుక అది ఏ దిక్కుగా పోతోందో తెలియకుండా చేద్దామన్నది దాని సారం. టార్పిడో ఓడను చేరడానికి సమయం పడుతుంది. అందువల్ల ఓడ ఇప్పుడున్న చోటికి కాకుండా, కొద్దిసేపటికి ఉండబోయే చోటికి గురిపెట్టాలి. అందుకు ఓడ దిశ, వేగం, దూరం మూడూ అంచనా వేయాలి. పెరిస్కోపులోంచి క్షణకాలం చూసే కమాండరుకు ఆ దిశ అంచనా పది ఇరవై డిగ్రీలు తప్పినా గురి తప్పుతుంది. డాజిల్ అని పేరుపడ్డ నలుపు, తెలుపు, నీలం ఆకారాలు పుట్టింది ఇందుకే. లండన్‌లోని రాయల్ అకాడమీలో చిన్న చిన్న ఓడ నమూనాలకు రంగులు వేసి, తిరిగే బల్ల మీద పెట్టి, పెరిస్కోపులోంచి చూసి పరీక్షించేవారు. నేడు నమూనాలకు రంగు వేసేవారు చేస్తున్నది ఆనాడు అసలు ఓడకు ముందు జరిగిన పనే.

ఈ ఉద్దేశం తెలిస్తే ఒక ఆచరణ సూత్రం దానంతటదే బయటపడుతుంది. డాజిల్ ఓడకు ఎడమ పక్క ఒక బొమ్మ, కుడి పక్క పూర్తిగా వేరే బొమ్మ ఉండేవి. ఒక పక్క ఫొటో దొరికిందని దాన్నే అద్దంలో తిప్పినట్టు రెండో పక్క వేస్తే అది దాదాపు ఖాయంగా తప్పు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఉద్దేశాలు ఇంకా చీలాయి. బ్రిటన్‌లో పీటర్ స్కాట్ రూపొందించిన వెస్టర్న్ అప్రోచెస్ పద్ధతి నిజంగానే దాచడానికి ఉద్దేశించినది. అట్లాంటిక్ మబ్బు ఆకాశంలో, రాత్రిపూట ఓడ కలిసిపోయేలా తెలుపు మీద లేత నీలం, లేత ఆకుపచ్చ వాడారు. మౌంట్‌బాటన్ పేరు మీద ప్రచారమైన గులాబీ ఛాయ తెల్లవారుజామున, సంధ్యవేళ ఓడ కనిపించకూడదనే ఆలోచనతో వచ్చింది. జపాన్ 1944 నాటికి జుయికాకు, జుయిహో వంటి విమానవాహక నౌకల పక్కలకు ఆకుపచ్చ పూసి, వాటి మీద వాణిజ్య నౌక ఆకారాన్ని గీయించింది. దూరం నుంచి చూసేవాడికి అది సరుకు ఓడలా కనిపించాలన్నది లక్ష్యం. ఆ ఏడాది అక్టోబరు 25న అమెరికా విమానం నుంచి తీసిన జుయిహో ఫొటోలో విమానాలు దిగే డెక్కు మీది ఆకారాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

ఫిల్ము చేసే మోసం

ఒకే ఓడ, ఒకే నెలలో తీసిన రెండు ఫొటోలు. ఒకదానిలో పక్క భాగం ముదురుగా, మరొకదానిలో లేతగా ఉంటుంది. రంగు మారిందని వెంటనే నిర్ణయించకూడదు. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు, నీలం అతిగా కనిపిస్తుంది. దాని మీద ఎరుపు దాదాపు నల్లగా, నీలం తెల్లబారి పడుతుంది. తర్వాత వాడుకలోకి వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ కొంత సమానంగా పట్టుకుంటుంది. కెమెరాకు పసుపు ఫిల్టరు తగిలిస్తే నీలం మళ్లీ ముదురుతుంది. అందువల్ల ఫొటోలో తెల్లగా మెరిసిన భాగం అసలు ఓడ మీద లేత నీలమై ఉండవచ్చు.

దీన్ని పసిగట్టడానికి ఫొటోలోనే కొన్ని గుర్తులుంటాయి. బ్రిటిష్ జెండాలో ఎరుపు, నీలం రెండూ ఉన్నాయి. జెండా కనిపిస్తే ఆ రెండింటిలో ఏది ముదురుగా పడిందో చూస్తే ఫిల్ము స్వభావం తెలుస్తుంది. నీటిగీత కింది ఎర్రటి అడుగు బయటపడిన ఫొటో ఉన్నా అదే పని చేస్తుంది. ఓడ పక్కన తెల్ల దుస్తుల్లో నావికుడు నిలబడి ఉంటే అసలు తెలుపు ఎంత తెలుపో కొలుచుకోవచ్చు.

నాటి అసలు రంగు ఫొటోలు కూడా కొన్ని ఉన్నాయి. అమెరికా జాతీయ పురాభిలేఖాగారంలోని నౌకాదళ ఫొటోల్లో 80-జీ వరస నలుపు తెలుపువి, 80-జీ-కె వరస రంగువి. వీటికి విలువ ఎక్కువే. అయినా సాయంత్రపు ఎండలో తీసిన ఫొటోలో బూడిద రంగు గోధుమలా కనిపిస్తుంది, తడిసిన పక్క భాగం ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది. రంగు ఫొటో రెండు రంగుల మధ్య తేడాను బాగా చెబుతుంది. కచ్చితమైన ఛాయను అంత నమ్మకంగా చెప్పదు.

సెన్సారు వల్ల వచ్చే చిక్కు మరొకటి. యుద్ధకాలంలో పత్రికలకు ఇచ్చిన ఫొటోల్లో రాడార్ యాంటెన్నాలను, కొన్నిసార్లు ఓడ సంఖ్యను కుంచెతో చెరిపేసేవారు. అలా చెరిపిన చోట పడ్డ మచ్చను రంగుల ఆకారంగా పొరబడిన సందర్భాలు ఉంటాయి.

అంకెలు, అక్షరాలు, డబ్బాలు

రంగుల పేర్లు అధికారిక పత్రాల్లో కోడ్లుగా ఉంటాయి. అమెరికా పద్ధతి కాస్త సులువు. ఒక్కో రంగుల పథకాన్ని అక్కడ మెజర్ అంటారు. మెజర్ 21 అంటే నిలువు భాగాలన్నీ 5-ఎన్ అనే ముదురు నీలం. మెజర్ 22లో కింద ముదురు నీలం, పైన 5-హెచ్ అనే లేత బూడిద. ఇక్కడ చాలా నమూనాల్లో ఒక పొరపాటు కనిపిస్తుంది. ఓడ డెక్కు అంచు ముక్కు వైపు పైకి లేస్తుంది. మెజర్ 22లో నీలం, బూడిదలను విడదీసే గీత ఆ వంపు వెంట పోదు. డెక్కు అంచు అన్నింటికంటే కిందికి దిగిన చోట మొదలై, నీటిగీతకు సమాంతరంగా తిన్నగా సాగుతుంది. మాస్కింగ్ టేపును అంచు వెంట అతికించేస్తే గీత వంగుతుంది, ముక్కు దగ్గర బూడిద రంగు రావాల్సిన చోట నీలం మిగిలిపోతుంది.

మెజర్ 31, 32, 33 ఆకారాలతో కూడినవి. ముదురు, మధ్యరకం, లేత అనే తేడాతో వేరవుతాయి. వాటి వెనక డిజైన్ సంఖ్య, ఆ తర్వాత ఓడ రకాన్ని తెలిపే అక్షరం ఉంటాయి. డి అంటే డెస్ట్రాయర్, బి అంటే బ్యాటిల్‌షిప్. 1944లో మిస్సోరీ అనే బ్యాటిల్‌షిప్ వేసుకున్నది 32/22డి. డెస్ట్రాయర్ కోసం గీసిన బొమ్మను దానికి రెండింతలకు పైగా పొడవున్న ఓడకు సాగదీశారన్నమాట. ఇలాంటప్పుడు డెస్ట్రాయర్ పటం చూసి బ్యాటిల్‌షిప్‌కు రంగు వేయడం కుదరదు. ఆ ఓడ ఫొటోనే చూడాలి.

ఈ నీలి బూడిద రంగులను తెల్లటి మూల పెయింటులో ఊదా నీలం ముద్ద కలిపి తయారుచేసేవారు. ముద్ద ఎంత ఎక్కువైతే రంగు అంత ముదురు. ఆ ముద్దకు కొరత రావడంతో 1945లో నీలం ఛాయ లేని బూడిద రంగులు ప్రవేశపెట్టారు. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. తేదీ తెలియకుండా డబ్బా ఎంచుకోలేమన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

బ్రిటిష్ రంగుల్లో మొదట 507ఎ, 507బి, 507సి. తర్వాత ఎంఎస్, బి వరసలు. 1943 నుంచి జీ45, బి15 వంటివి వచ్చాయి. కొత్త వరసలో అక్షరం ఛాయను, అంకె ఆ పెయింటు ఎంత శాతం వెలుగును తిప్పికొడుతుందో చెబుతాయి. జీ45 లేతది, జీ10 ముదురుది. పాత బి5 లోని 5కు ఈ అర్థం లేదు. అది వరస సంఖ్య మాత్రమే. బి5, బి55 ఒకే కుటుంబమనుకుని తడబడేవారు ఎక్కువ.

నాటి రంగు ముక్కలు దొరికినా జాగ్రత్త అవసరం. నూనెతో చేసిన పెయింటు చీకట్లో ఏళ్ల తరబడి ఉంటే పసుపెక్కుతుంది. నీలి బూడిద మీద పసుపు చేరితే ఆకుపచ్చలా కనిపిస్తుంది. ఏళ్ల క్రితం రంగు ముక్కలను చూసి కట్టిన పట్టికలను, తయారీ పాళ్లతో పోల్చి పరిశోధకులు ఇప్పుడు సరిచేస్తున్నారు. ఒకే కోడు పేరుతో రెండు కంపెనీల డబ్బాలు వేర్వేరుగా ఉండడానికి ఇది ముఖ్య కారణం.

ఏ ఆధారానికి ఎంత విలువ

జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ 1941 మే మధ్యలో బాల్టిక్ నుంచి బయలుదేరినప్పుడు దాని పక్కల మీద నలుపు తెలుపు చారలున్నాయి. మే 21న నార్వేలో ఆగినప్పుడు వాటి మీద బూడిద రంగు పూశారు. మే 27న అది మునిగింది. చారలున్న బిస్మార్క్, లేని బిస్మార్క్ రెండూ నిజమే. మధ్యలో ఉన్నది ఒక వారం. చారలు వేసి "చివరి పోరాటం" అని పేరు పెట్టిన నమూనా తప్పు.

ఇందుకే తేదీ ఉన్న ఫొటోకు అన్నింటికంటే ఎక్కువ విలువ. కానీ ఫొటో కింద రాసిన తేదీ ఒక్కోసారి అది దఫ్తరానికి చేరిన తేదీ అవుతుంది. దాన్ని ఓడ మీది సామగ్రితో సరిచూడాలి. కొత్తగా చేరిన రాడార్, పెరిగిన విమాన విధ్వంసక తుపాకులు, మారిన స్తంభం కాలాన్ని పట్టిస్తాయి. అమెరికాలోని మేర్ ఐలాండ్ నౌకానిర్మాణ కేంద్రం మరమ్మతు తర్వాత తీసిన ఫొటోలు ఈ విషయంలో పెన్నిధి. తేదీ ఫొటో మీదే ఉంటుంది, మారిన భాగాల చుట్టూ తెల్లటి వలయాలు గీసి ఉంటాయి.

ఫొటో తర్వాత స్థానం అధికారిక పటానిది. ఏ ఆకారం ఎక్కడ రావాలో అది చెబుతుంది. అయితే పటం ఒక ఆదేశం మాత్రమే. రేవులో సుద్దముక్కతో గీతలు గీసి రంగు వేసిన కార్మికులు ఆ రోజు ఏ పెయింటు ఉంటే అది వాడారు, కిటికీ అడ్డొస్తే గీత జరిపారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి అమెరికా డాజిల్ పటాలు వందల సంఖ్యలో రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ సేకరణలో ఉన్నాయి. బ్రిటిష్ నమూనాలు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. రెండింటి చిత్రాలనూ ఇంటర్నెట్‌లో చూడవచ్చు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో కూర్చున్నవారికి ఇది పెద్ద మార్పు. ఒకప్పుడు ఖరీదైన విదేశీ పుస్తకం తెప్పించుకుంటే తప్ప దొరకని ఆధారం ఇప్పుడు ఫోను తెర మీదికి వచ్చింది.

మ్యూజియం ఓడను మూడో వరసలో ఉంచడం మంచిది. లండన్‌లోని బెల్‌ఫాస్ట్ క్రూయిజర్‌కు దశాబ్దాల పాటు యుద్ధకాలపు ఆకారాలే వేసి ఉంచారు. అయితే 1950ల చివర్లో దాని పై కట్టడమంతా మారిపోయింది. 1943 నాటి ఆకారం 1959 నాటి గోడ మీద ఉన్నట్టు. దాన్ని చూసి నమూనా వేస్తే గీతలు కలవవు. పెట్టె మీది బొమ్మ ఆఖరున వస్తుంది. అది అమ్మకం కోసం గీసినది.

అరచేతిలోని ఓడ

సరైన రంగే దొరికినా దాన్ని యథాతథంగా పూస్తే 1/700 ఓడ నల్లగా, బరువుగా కనిపిస్తుంది. నమూనాను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడడమంటే అసలు ఓడను 210 మీటర్ల నుంచి చూడడం. అంత దూరంలో మధ్యనున్న గాలి, తేమ రంగును కొంత లేతగా, చప్పగా మారుస్తాయి. అందుకే కొందరు డబ్బా రంగులో కొద్దిగా తెలుపు కలుపుతారు. ఎంత కలపాలన్నది కంటి మీద ఆధారపడ్డ విషయం. ముదురు, మధ్యరకం, లేత రంగుల మధ్య తేడా చెడకుండా అన్నింటిలో ఒకే పాళ్లలో కలపడం ముఖ్యం.

వెలుతురు సంగతి బరంపురం వారికి విడిగా చెప్పనక్కర్లేదు. పట్టుచీర అంచుకు జత రంగు ఎంచుకునేటప్పుడు దుకాణంలోని దీపం కింద కలిసిన రెండు దారాలు గుమ్మంలోకి తెస్తే విడిపోతాయి. వేర్వేరు రంగుపొడులతో చేసిన ఒకే ఛాయ ఒక వెలుతురులో కలిసి, మరో వెలుతురులో వేరుగా కనిపించడం అది. నౌకా రంగులకూ ఇదే వర్తిస్తుంది. ఫోను తెర సొంత వెలుతురుతో వెలుగుతుంది కాబట్టి దాన్ని డబ్బా పక్కన పెట్టి రంగు సరిచూడడం ఇంకా ప్రమాదం. ప్లాస్టిక్ ముక్క మీద రంగు పూసి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూసి నిర్ణయించడమే నమ్మదగిన మార్గం.

వాడిన ఓడకు మరకలు ఎలా వేయాలో తెలుసుకోవడానికి గోపాల్‌పూర్ ఇసుక చాలు. ఒడ్డుకు లాగిన చేపల పడవల మీద ఎండ తగిలే పై అంచు వెలిసిపోయి ఉంటుంది, అలలు తాకే చోట ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది, తాళ్లు రాసుకునే చోట పాత రంగు పొరలు బయటపడతాయి. అవి దూరం నుంచి కనిపించడానికి వేసిన మెరుపు రంగులు, యుద్ధనౌకవి అందుకు నేరుగా వ్యతిరేకం. ఎండ, ఉప్పు, రాపిడి మాత్రం రెండింటినీ ఒకేలా తింటాయి.

గోదావరి, కృష్ణ

తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే రెండు ఓడలున్నాయి. నాటి రాయల్ ఇండియన్ నేవీ స్లూపులైన (చిన్న కాపలా యుద్ధనౌకలైన) గోదావరి, కిస్ట్నా బ్లాక్ స్వాన్ తరగతికి చెందినవి. పొడవు సుమారు 91 మీటర్లు, అంటే 1/700లో 13 సెంటీమీటర్లు. విభజన తర్వాత గోదావరి పాకిస్తాన్‌కు వెళ్లి సింధ్ అయింది. కిస్ట్నా భారత నౌకాదళంలో కృష్ణగా 1980ల ఆరంభం దాకా శిక్షణ నౌకగా పనిచేసింది. కృష్ణ స్వాతంత్ర్యానంతర ఫొటోల్లో కనిపించే ఏకరంగు బూడిద శాంతికాలపు శిక్షణ నౌకది. దాన్ని 1944 నాటి నమూనాకు వాడితే మాల్డా పొగగొట్టం పొరపాటే మళ్లీ జరుగుతుంది.

ఇలాంటి ఓడల విషయంలో అదే తరగతికి చెందిన బ్రిటిష్ ఓడలు తోడ్పడతాయి. ఏ కాలంలో, ఏ సముద్రంలో ఆ తరగతికి ఏ రంగుల వరస వాడారో వాటి ఫొటోలు చెబుతాయి. ఆకారం గీతలను మాత్రం అక్క ఓడ నుంచి చెల్లెలు ఓడకు మార్చకూడదు. ఒకే బొమ్మ రెండు ఓడల మీద రేవును బట్టి మారిపోయేది. ఎడమ పక్క ఫొటో ఒక్కటే చేతికి వచ్చినప్పుడు అటువైపు ఫొటో ప్రకారం, ఇటువైపు ఆ వరస రంగులతో వీలైనంత సాదాగా వేసి, నమూనా పీఠం మీద ఒక చిన్న చీటీ అతికించవచ్చు. అందులో ఓడ పేరు, నెల, సంవత్సరం, కింద రెండు మాటలు: "ఎడమ పక్క ఫొటో ఆధారంగా; కుడి పక్క ఊహ."